రాజేంద్రనగర్ వైపు ఉన్న పశుగ్రాస విత్తనాల దుకాణం: ఏడాది సాగు తర్వాత నా అభిప్రాయం

విత్తనాల దుకాణం గురించి కొన్న రోజునే అభిప్రాయం రాయడం సరికాదని నేను నమ్ముతాను. సంచి బాగుందా, మాట మర్యాదగా ఉందా, ధర సరసంగా ఉందా అన్నవి ఆ రోజు తెలుస్తాయి గాని, ఆ విత్తనం మన నేలలో ఏం చేసిందో, అమ్మినవారు ఆ తర్వాత మన ఫోను ఎత్తారో లేదో తెలియడానికి ఒక వానాకాలం, ఒక యాసంగి, ఒక ఎండాకాలం గడవాలి. హైదరాబాదులో రాజేంద్రనగర్ వైపు ఉన్న ఈ పశుగ్రాస విత్తనాల దుకాణంలో నేను 2023 జూన్‌లో మొదటిసారి అడుగుపెట్టాను. 2024 మే నెల దాటించిన తర్వాతే ఇది రాస్తున్నాను.

ఉద్యోగ విరమణ తర్వాత చేవెళ్ల దగ్గర ఉన్న రెండెకరాల ఎర్ర చల్క నేలలో నలభై మేకలతో ఒక చిన్న మందను మొదలుపెట్టాను. ఒకే బోరు ఉంది, అది కూడా మార్చి దాటితే సన్నబడుతుంది. దుకాణానికి వెళ్లేటప్పటికి నా మనసులో ఒకటే ఆలోచన ఉంది: రెండెకరాలూ సూపర్ నేపియర్ అనే ఎత్తుగా పెరిగే మేత గడ్డి నాటేయాలి. ఎకరాకు ఇన్ని వందల టన్నులు అని ప్రకటనల్లో చదివిన అంకెలు నా తలలో తిరుగుతున్నాయి. నాటడానికి దాని కాండపు ముక్కలు పదివేలు కావాలని అడిగాను. కౌంటరు దగ్గరున్న పెద్దాయన చీటీ రాయకుండా నన్ను కూర్చోబెట్టి, "సార్, మే నెలల మేకలకు ఏం ఏస్తరు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నేను ఒక్క ముక్క కూడా కొనకుండా, మట్టి నమూనా ఎలా తీయాలో కాగితం మీద రాయించుకుని తిరిగి వచ్చాను. అమ్మకం చేతిలో ఉన్నా వదులుకుని, ముందు మట్టి పరీక్ష చేయించుకు రమ్మని పంపిన దుకాణదారుణ్ణి నేను అంతకు ముందు చూడలేదు.

మట్టి నమూనా విషయంలో వారు చెప్పిన పద్ధతి ఇది. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట తీయకూడదు. పొలంలో ఎనిమిది పది చోట్ల ఆంగ్ల అక్షరం వి ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గుంట గోడ వెంట పైనుంచి కిందికి పలుచగా మట్టిని గీకాలి. అదంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరికి అరకిలో మిగిల్చుకోవాలి. రాజేంద్రనగర్‌లోని ప్రయోగశాలలో ఇచ్చిన నమూనాకు వచ్చిన ఫలితం చల్క నేలల్లో సాధారణంగా కనిపించేదే: సేంద్రియ కర్బనం తక్కువ, నత్రజని తక్కువ, జింకు లోపం. ఉదజని సూచిక (పీహెచ్) తటస్థానికి దగ్గరగా ఉండటంతో సున్నం అవసరం రాలేదు. పశువుల ఎరువు బాగా వేసి, జింకు సల్ఫేటు ఒకసారి వేయమన్నారు. తమ దగ్గర రంగురంగుల సీసాల్లో ఉన్న మందులేవీ అంటగట్టలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆయన నా ముందే లెక్క వేశారు. ముప్పై కిలోల మేకకు రోజుకు దాని బరువులో మూడు నాలుగు శాతం ఎండు పదార్థం కావాలి. అంటే సుమారు కిలో. పచ్చిమేతలో ఎండు పదార్థం ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకానే ఉంటుంది కాబట్టి, పచ్చిమేత మీదే బతికితే రోజుకు నాలుగైదు కిలోలు. నాలుగు కిలోల చొప్పున నలభై మేకలకు రోజుకు 160 కిలోలు, ఏడాదికి 58 టన్నులు. ఈ అంకె చూడగానే నాకు నేపియరే గుర్తుకు వచ్చింది. కానీ ఆయన చెప్పిన రెండో సంగతి నా ఆలోచనను పూర్తిగా మార్చింది. మేక గొడ్డులాగా గడ్డి మేసే జంతువు కాదు, అది మెడ ఎత్తి ఆకులు కోసుకు తినే జంతువు. నేపియర్ కాండం ముదిరితే ఆకులు ఏరుకుని కాండాన్ని తొక్కేస్తుంది. టన్నులు పొలంలో పండుతాయి గాని మేక కడుపులోకి పోవు. అందుకని మేత పొలం వేసేటప్పుడు మొదట జంతువు నోటిని చూడాలని, తర్వాత క్యాలెండరును చూడాలని, దిగుబడి అంకెను చివర చూడాలని ఆయన వాదన.

ఇక్కడ ఒక పక్క మాట చెప్పాలి. మా అబ్బాయి అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఉంటాడు. వాళ్ల ఊరికి దూరంగా ఒకాయనకు అడవి భూమి ఉంది. అక్కడ లైసెన్సుతో జింకల వేట చట్టబద్ధం. వేట కాలానికి ముందు అడవి మధ్య ఖాళీ జాగాల్లో తెల్లతోక జింకల కోసం మేత మడులు వేస్తారు. నేను అక్కడికి వెళ్లినప్పుడు ఆ మడులను చూశాను. మన దగ్గర కృష్ణజింకనైనా, చుక్కల దుప్పినైనా వేటాడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అలాగే ఉండాలి కూడా. అయితే ఆ మడులు వేసే పద్ధతిలో ఒక క్రమం ఉంది. వాళ్లూ మొదట మట్టి పరీక్ష చేయిస్తారు. ఆమ్ల నేల అయితే నెలల ముందే సున్నం వేస్తారు. అక్కడి తెల్లతోక జింక కూడా మేకలాగే ఆకులు ఏరుకు తినేది కాబట్టి ముతక గడ్డి వేయకుండా క్లోవర్, ఓట్స్, టర్నిప్ వంటి లేత ఆకు పంటలు వేస్తారు. చల్లని కాలపు ఆ విత్తనాల సంచి ఒకటి పంపిస్తానని మా అబ్బాయి అన్నాడు, నేను వద్దన్నాను. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాన్ని దేశంలోకి తేవడం 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుకు విరుద్ధం. పైగా చేవెళ్ల ఎండలో ఆ క్లోవర్ ఏప్రిల్ కూడా చూడదు. ఈ దుకాణంలో పెద్దాయన చెప్పిన లెక్కకు, అక్కడ నేను చూసిన మడులకు మూలసూత్రం ఒకటే కావడం నాకు నమ్మకం కలిగించింది.

వారు వేసి ఇచ్చిన పథకం ఇది. రెండెకరాలంటే ఎనభై గుంటలు. అందులో ఇరవై గుంటలు ఏపీబీఎన్-1 అనే రకం హైబ్రిడ్ నేపియర్, ఇరవై గుంటలు దశరథ గడ్డి (పేరుకు గడ్డే గాని పప్పుజాతి మేత మొక్క), పదిహేను గుంటలు అనేకసార్లు కోతకు వచ్చే సీవోఎఫ్ఎస్-29 జొన్న, రాళ్లు తేలిన పదిహేను గుంటల వాలులో వానాధారంగా స్టైలో, మిగిలిన పదిలో అక్టోబరులో లూసర్న్. ఈ చివరి రెండూ పప్పుజాతి మేతలే. గట్ల మీద అవిశ, సుబాబుల్, మునగ. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి మేతలో మూడో వంతుకు మించనీయవద్దని, వెంట్రుకలు రాలడం దాని మొదటి గుర్తు అని విడిగా చెప్పారు. నేపియర్‌కు మూడడుగుల వరుసలు, మొక్కకూ మొక్కకూ రెండడుగులు పెడితే ఇరవై గుంటలకు దాదాపు 3,600 ముక్కలు చాలు. ఖాళీలు నింపడానికి కలుపుకుని నాలుగు వేలు తీసుకున్నాను. పదివేలు అడిగి వచ్చిన మనిషికి నాలుగు వేలు అమ్మారు.

విత్తనాల నాణ్యత గురించి ఒక్కొక్కటిగా చెబుతాను. అన్నీ ఒకే తీరుగా లేవు.

దశరథ గడ్డి విత్తనం అద్భుతంగా ఉంది. ఈ విత్తనానికి పెంకు గట్టిది. అలాగే చల్లితే నీళ్లు లోపలికి దిగక సగానికి పైగా మొలవకుండా నేలలోనే ఉండిపోతుంది. దుకాణంలోనే ఒక కుర్రవాడు నాకు చేసి చూపించాడు. మరిగిన నీళ్లను పొయ్యి మీదనుంచి దించి, కొద్దిగా వేడి తగ్గి 80 డిగ్రీల దగ్గరికి వచ్చాక విత్తనం పోసి నాలుగైదు నిమిషాలు ఉంచి, వెంటనే ఆ నీళ్లు వంపేసి చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. మరుగుతున్న నీళ్లలో పోస్తే మొలక చచ్చిపోతుంది, గోరువెచ్చటి నీళ్లకు పెంకు కరగదు. నేను ఇంట్లో తడి గోనెపట్టాలో నూరు గింజలు శుద్ధి చేసినవి, నూరు చేయనివి పెట్టి చూశాను. చేసినవాటిలో 78 మొలిచాయి, చేయనివాటిలో 31. ఈ ఒక్క పది నిమిషాల శిక్షణ విలువ నేను కొన్న నాలుగు కిలోల విత్తనం ధర కంటే ఎక్కువ. తొంభై రోజులకు మొదటి కోత వచ్చింది. ఆ తర్వాత నలభై రోజులకు ఒకసారి నేల నుంచి మూరెడు ఎత్తు వదిలి కోస్తున్నాం. మేకలు దీన్ని పుల్ల మిగల్చకుండా తింటున్నాయి.

నేపియర్ ముక్కలు రకం విషయంలో సరైనవే, కానీ చెప్పిన రోజుకు రాలేదు. కోసిన రెండో రోజుకల్లా నాటాల్సిన ముక్కలు నాలుగో రోజుకు చేరాయి. చివర్లు ఎండిపోయి ఉన్నాయి. రెండు కణుపులు ఉండాల్సిన చోట కొన్నింటికి ఒకటే ఉంది. ఖాళీల కోసం తీసుకున్న నాలుగు వందలూ అయిపోయాక ఇంకా తక్కువపడితే, ఫోను చేయగానే మరో ఐదు వందలు డబ్బు తీసుకోకుండా పంపారు. రవాణా ఖర్చు మాత్రం నాదే అయింది. ఇది సరైన పద్ధతి కాదని వారికి చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను.

జొన్న గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ దుకాణం నా మందను కాపాడింది అక్కడే. 2023లో రుతుపవనాలు తెలంగాణకు ఆలస్యంగా వచ్చాయి. జూన్ చివరి వారంలో విత్తాం. గింజ చాలా సన్నది కాబట్టి ఎకరాకు రెండు కిలోలే సరిపోతుందని, పదిహేను గుంటలకు ముప్పావు కిలో ఇచ్చారు. జూలై వానలకు పైరు ఏపుగా లేచింది. ఆగస్టులో వాన మొహం చాటేసింది. ఆ ఆగస్టు దేశవ్యాప్తంగా 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. బోరు నీళ్లు నేపియర్‌కే చాలక జొన్నను వదిలేశాం. ఆకులు చుట్టుకుపోయి, పైరు నడుము ఎత్తులో ఆగిపోయింది. అలా ఎండబెట్టడం కంటే కోసి మేకలకు వేద్దామని కొడవళ్లు సిద్ధం చేసుకున్న రోజు, నాటిన తేదీలు రాసుకుని వారంవారం ఫోను చేసే ఆ కుర్రవాడే చేశాడు. సంగతి చెప్పగానే, "సార్, ముట్టద్దు, నాము వడతది" అన్నాడు.

నాము అన్న మాట నేను చిన్నప్పుడు మా పాలమూరులో విన్నాను. కోసిన జొన్న మోళ్ల మీద లేచిన పిలకలు మేసి గొడ్డు కాళ్లు కొట్టుకుని పడిపోతే, నాము తిన్నదని పెద్దవాళ్లు అనేవారు. పట్నంలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి ఆ మాటను మరిచిపోయాను. లేత జొన్నలో, ముఖ్యంగా నీటి ఎద్దడికి వాడిన పైరులో, ధుర్రిన్ అనే పదార్థం పేరుకుంటుంది. పశువు నమిలినప్పుడు దానినుంచి హైడ్రోజన్ సయనైడ్ విడుదలై, రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేకుండా చేస్తుంది. నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. నత్రజని ఎరువు వేసిన పైరులో ఇది మరీ ఎక్కువ. వాన పడిన వెంటనే లేచే లేత పిలకల్లోనూ ఉంటుంది కాబట్టి, వానలు వచ్చాయి కదా అని వెంటనే కోయకూడదు. పైరు సగం పూతకు వచ్చేవరకు ఆగమన్నారు. సెప్టెంబరులో వానలు పడ్డాక పైరు తేరుకుని, మూడో వారానికి పూతకు వచ్చింది. అప్పుడు కూడా పచ్చిగా వేయకుండా పాతర వేయమని, అంటే గుంతలో గాలి తగలకుండా కప్పి మాగబెట్టమని సలహా ఇచ్చారు. పాతరలో మాగితే ఆ విషం బాగా తగ్గుతుంది, పైగా ఎండాకాలానికి నిలవ ఉంటుంది.

పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు గుంత తీసి, మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, అంగుళం ముక్కలుగా కోసిన జొన్నను పొరలు పొరలుగా వేసి తొక్కించాం. గాలి మిగిలితే బూజు పడుతుంది. అందుకే తొక్కడమే అసలు పని. సుమారు నాలుగు టన్నులు పట్టింది. దుకాణం వారు మేతను ముక్కలు చేసే చాఫ్ కట్టర్ యంత్రాన్ని రోజు అద్దెకు ఇచ్చారు. ఈ సేవ గురించి బోర్డు మీద ఎక్కడా రాసి ఉండదు, అడిగితేనే చెబుతారు. రాసి పెడితే నాలాంటివారికి మేలు.

స్టైలోను వారు చెప్పినట్టే మొదటి ఏడాది విత్తనం రాలేదాకా మేపకుండా ఉంచుదామనుకున్నాను. తానంతట తానే మళ్లీ మొలవడానికి అది అవసరం. అయితే మా పనిమనిషి అక్టోబరులో నాలుగు రోజులు మేకలను వాలు మీదికి వదిలాడు. అంతకు ముందే జార్జియాలో చూసినట్టుగా నాలుగడుగుల వెడల్పున ఇనుప వల పంజరాలు రెండు ఆ వాలులో పాతి ఉంచాను. పంజరం లోపలి మొక్కకూ బయటి మొక్కకూ తేడా చూస్తే, జంతువులు ఎంత తిన్నాయో అంచనా వేయనక్కరలేదు, కళ్లకే కనబడుతుంది. లోపల మోకాలి ఎత్తు ఉంది, బయట జానెడు కూడా లేదు. ఆ రోజే మందను వెనక్కి తోలించాను. ఈ పంజరం సంగతి దుకాణంలో చెబితే పెద్దాయన శ్రద్ధగా విని, కొలతలు రాసుకున్నారు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు రైతులకు కట్టించారని విన్నాను. కొనేవాడి దగ్గర కూడా నేర్చుకునే గుణం దుకాణానికి ఉండటం నాకు సంతోషం కలిగించింది.

ఇక లూసర్న్. ఈ ఏడాదిలో నాకు జరిగిన పెద్ద నష్టం ఇదే, బాధ్యత దుకాణానిదే. అక్టోబరు మధ్యలో పది గుంటలకు రెండు కిలోల విత్తనం చల్లాం. మన నేలలో మొదటిసారి లూసర్న్ వేస్తున్నప్పుడు దానికి ప్రత్యేకమైన రైజోబియం (వేళ్లలో చేరి గాలిలోని నత్రజనిని అందించే సూక్ష్మజీవి) విత్తనానికి పట్టించాలని, అలసందకు వాడేది దీనికి పనికిరాదని చెప్పి, సరైన పొట్లం తెప్పించి ఇచ్చారు. బెల్లం నీళ్లతో కలిపి పట్టించి నీడలో ఆరబెట్టి విత్తాం. అంతవరకు లోపం లేదు. డిసెంబరులో మొదటి కోతకు ముందు మడిలో మూడు చోట్ల పసుపుపచ్చని దారాలు అల్లుకుని కనిపించాయి. బంగారు తీగ. దానికి ఆకు ఉండదు, తన ఆహారం తాను చేసుకోలేదు, పైరు కాండంలోకి వేళ్లలాంటి కొసలు దించి పీల్చుకు బతుకుతుంది. మా మడికి అది గాలికి రాలేదు, విత్తనంతోనే వచ్చింది. రెండు గింజలూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండటం వల్ల మామూలు జల్లెడతో వేరుపడవు. లూసర్న్ విత్తన ప్రమాణాల్లో బంగారు తీగను అభ్యంతరకరమైన కలుపుగా ప్రత్యేకించి పేర్కొన్నది ఇందుకే. సంచి తెచ్చి చూస్తే దాని మీద ఉన్నది ధ్రువీకరణ పొందిన విత్తనానికి ఉండే నీలి ట్యాగు కాదు, ఉత్పత్తిదారు తనంతట తాను రాసుకునే ఆకుపచ్చ లేబుల్. లేబుల్ విత్తనం అమ్మడం చట్టవిరుద్ధం కాదు, కానీ ఈ తేడా నాకు ముందే చెప్పి ఉండాల్సింది. అన్ని విషయాలూ విడమరచి చెప్పిన దుకాణం ఈ ఒక్కచోట మౌనంగా ఉండటం నన్ను నొప్పించింది.

ఫోను చేసిన మరుసటి రోజే మనిషి వచ్చాడు. తీగ పూతకు రాకముందే, అది పట్టిన చోటితో పాటు చుట్టూ గజం మేర పైరును నేలమట్టంగా కోయించి, అక్కడే కాల్పించాడు. కోసిన మేతను మోసుకుపోతే దారిపొడవునా ముక్కలు రాలి మళ్లీ పట్టుకుంటుందని చెప్పాడు. విత్తనం డబ్బు వాపసు ఇస్తామని ఆ రోజే మాట ఇచ్చారు గాని, అది నా చేతికి అందడానికి రెండు నెలలు పట్టింది, నాలుగుసార్లు అడగాల్సి వచ్చింది. దున్నకం, కూలీ ఖర్చుల ఊసే లేదు. బంగారు తీగ గింజ నేలలో పదేళ్లకు పైగా సజీవంగా ఉండగలదు. ఆ పది గుంటల్లో నేను ఇక లూసర్న్ వేయలేను. ఈ దుకాణానికి రేటింగులో నాలుగు చుక్కలకు (స్టార్లకు) మించి ఇవ్వలేకపోవడానికి కారణం ఇదొక్కటే.

మే నెల ఎలా గడిచిందో చెప్పాలి, ఎందుకంటే ఈ దుకాణంతో నా పరిచయం మొదలైంది ఆ ప్రశ్నతోనే. ఏప్రిల్ రెండో వారంలో పాతర తెరిచాం. పుల్లని కమ్మటి వాసన, ఆకుపచ్చ పసుపు కలిసిన రంగు, అంచుల్లో మాత్రం జానెడు మేర బూజు. దాన్ని తీసి పారేశాం. మేకలు రెండు రోజులు మూతి తిప్పుకుని మూడో రోజు నుంచి తిన్నాయి. ఒక్కొక్కదానికి కిలోన్నర చొప్పున రోజుకు అరవై కిలోలు వేస్తూ జూన్ మొదటి వానల దాకా లాక్కొచ్చాం. బోరు గంటన్నర కూడా పోయని రోజుల్లో నేపియర్ కురచబడింది గాని, లోతుగా వేరు దించిన దశరథ గడ్డి పది రోజులకు ఒక తడితోనే నిలబడి ఆకు ఇచ్చింది. గట్ల మీది అవిశ, సుబాబుల్ కొమ్మలు, వారు ముందే కొనిపెట్టుకోమన్న వేరుశనగ చొప్ప, కంది పొట్టు కలిసి మిగతాది చూసుకున్నాయి. మంద మొత్తంలో ఒక్క మేకను కూడా మేత లేక అమ్ముకోలేదు. మా పక్క పొలంలో రెండెకరాలూ నేపియరే వేసినాయన మే మధ్యలో మందలో సగం సంతకు తోలాడు. ఆయన కష్టజీవి, తప్పు ఆయనది కాదు, అడగాల్సిన ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు.

వెళ్లేవారికి ఉపయోగపడే సంగతులు కొన్ని. ఉదయం పదకొండులోపు వెళ్తే పెద్దాయన ఉంటారు, తర్వాత కౌంటరులో ఉండేవారు చీటీ చూసి సరుకు ఇస్తారంతే. తొలకరికి పదిహేను రోజుల ముందే వెళ్లండి, జూన్ మూడో వారంలో నిలబడే చోటు ఉండదు. మీ పశువులెన్ని, బోరు ఎన్ని గంటలు పోస్తుంది, నేల ఏమిటి అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్తే అరగంట సమయం ఇస్తారు. ఏ సంచి కొన్నా ట్యాగు రంగు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ మీరే చదవండి. ధ్రువీకరణ విత్తనానికి సాధారణంగా పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలే గడువు. రసీదు మీద లాట్ నంబరు రాయించుకోండి. నా డబ్బు ఆలస్యంగానైనా తిరిగి రావడానికి ఆ నంబరే ఆధారమైంది.

ఈ వానాకాలానికి నేను మళ్లీ అక్కడికే వెళ్లాను. నేపియర్‌లో పది గుంటలు తీసేసి దశరథ గడ్డికి ఇస్తున్నాను, అందుకు రెండు కిలోల విత్తనం పక్కన పెట్టించాను. బంగారు తీగ కనబడిన పది గుంటల్లో, అది పట్టుకోలేని గడ్డిజాతి మొక్కజొన్న వేస్తున్నాను. లూసర్న్ సంచుల గురించి పెద్దాయనను అడిగితే, ఈసారి నీలి ట్యాగు లేనిది తెప్పించనని చెప్పి, గోడవారగా ఉన్న రెండు సంచుల ట్యాగులు తిప్పి నాకు చూపించారు.